సేవాగ్రామములో నాస్తికుడు

ఈశ్వరుడు కలడా, లేడా యను వివాదము మన ఇండ్లకు క్రొత్తది కాదు. కృష్ణాతీరమందలి పల్లెలోనైనను, బ్రతుకుదెరువుకై సముద్రము దాటిపోయి అండమాను దీవులలో పోర్టుబ్లెయిరు పట్టణపు జంగ్లీఘాట్‌లో కాపురమున్న తెలుగు కుటుంబములోనైనను, చదువుకొన్న కుమారుడు తండ్రి పూజచేయు గదిముందు నిలిచి ప్రమాణమేది యని అడుగుట, తండ్రి కోపించుటయో మౌనము వహించుటయో జరుగుచునే యుండును. కుమారుడు యుక్తిని చూపును. తండ్రి పెద్దల అనుభవమును చూపును. ఒకరు రెండవవారిని మూఢుడందురు; రెండవవారు మొదటివారిని భ్రష్టుడందురు. వాదము ముగియునప్పటికి ఇరువురును మొదట నిలిచిన చోటనే నిలిచియుందురు. నడుమ దూరము మాత్రము పెరిగియుండును.

ఈ వివాదము వేరొక రీతిగ నడువగలదని చూపు వృత్తాంతమొకటి ఆంధ్రుల చరిత్రలోనే కలదు. దైవము లేడని బహిరంగముగ చాటిన తెలుగువాడొకడు, రామనామమును ఊపిరిగ చేసికొన్న మహాత్మాగాంధీ యెదుటికి పోయి, తన అభిప్రాయమును ఏమాత్రము దాచక చెప్పెను. గాంధీజీ ఆతనిని నిరాకరింపలేదు. తమ విశ్వాసమును సడలించుకొననులేదు. ఆతడును తన సిద్ధాంతమును మార్చుకొనలేదు. అయినను ఆ ఇరువురి నడుమ స్నేహము పెరిగెను. ఆ తెలుగువారే గోపరాజు రామచంద్రరావు. లోకము ఆయనను గోరా యని యెరుగును.

గోరా 1902 నవంబరు 15వ తేదీన గంజాము జిల్లాలోని ఛత్రపురమున జన్మించిరి. ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు అందులో చేరెను. వారిది ఆచారనిష్ఠగల బ్రాహ్మణ కుటుంబము. బాల్యమున ఆయనయు ఇంటివారివలెనే దేవుని నమ్మిరి, ఆచారములను పాటించిరి. ఆయన నమ్మి, పరీక్షించి, పిదప విడిచినవారు. 1922లో, నాటి సంప్రదాయము ననుసరించి, పదియేండ్ల బాలికయగు సరస్వతితో ఆయనకు వివాహము జరిగెను. ఆ బాలికయే పెరిగి పెద్దదై భర్త చేపట్టిన కార్యములన్నింటను సమాన భాగస్వామిని యయ్యెను.

గోరా విద్యాభ్యాసము కాకినాడ పిఠాపురము రాజా కళాశాలలోను, పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను సాగెను. 1925లో వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందిరి. కాకినాడ కళాశాలకు ఆంధ్రుల సంస్కరణ చరిత్రలో ప్రత్యేకస్థానము కలదు. అంతకుముందు చిరకాలము ఆ కళాశాలకు అధ్యక్షులుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు బ్రహ్మసమాజీయులు. ఏకేశ్వరునియందు అచంచలభక్తి గలవారు. అనాథలను, హరిజన బాలబాలికలను చేరదీసి చదివించుట ఆయనకు ఈశ్వరారాధనములో భాగమై యుండెను. 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగముగారును ఆస్తికులే. ఈ విధముగ ఆంధ్రదేశమున సంఘసంస్కారము భక్తిమార్గమున ప్రవేశించెను. తరువాతి తరమువారైన గోరాకు ఈ మార్గము చాలదని తోచెను. సంస్కర్తల భక్తి యెంత నిర్మలమైనను, సామాన్యజనుల భక్తి నుదుటివ్రాతను దిండుగ చేసికొని నిద్రించుచున్నదని ఆయన భావించిరి.

చదువు ముగించిన పిదప మధురలోని అమెరికన్ కళాశాలలో అధ్యాపకులై, కోయంబత్తూరులో ప్రత్తి పరిశోధనయందు కొంతకాలము పనిచేసి, 1927లో గోరా కొలంబోలోని ఆనంద కళాశాలకు పోయిరి. సృష్టికర్త నంగీకరింపని బౌద్ధుల విద్యాలయమది. వృక్షశాస్త్రజ్ఞుడు ఆకును చీల్చి చూచునట్లు, తాము చిన్ననాటినుండి నమ్మినవానిని ఒక్కొక్కటిగ పరీక్షించి చూచుట ఆయనకు అలవాటయ్యెను. గర్భవతి గ్రహణసమయమున కదలినచో పుట్టబోవు శిశువునకు అంగవైకల్యము కలుగునని మనవారి నమ్మకము. సరస్వతి గర్భవతియై యున్న దినములలో గ్రహణము వచ్చెను. ఆమె చీకటిగదిలో పరుండక ఎప్పటివలెనే తిరుగుచుండెను. బిడ్డ ఆరోగ్యముగ పుట్టెను. పెద్దలమాట యొకటి పరీక్షకు నిలువలేదు. నిలువనివి ఇంకెన్ని కలవో యను ప్రశ్న ఆయన మనస్సును అటుపిమ్మట విడువలేదు.

ఈ సంఘటనవలన ఆస్తికుడు కలతపడవలసినదేమియు లేదు. గ్రహణభయము తొలగినంతమాత్రమున ఈశ్వరతత్త్వము తొలగిపోదు. అయితే మూఢాచారమును, భగవద్విశ్వాసమును ఒకే మూటగ కట్టియుంచిన ఇంట, ఒకటి జారినప్పుడు రెండవదియు జారక తప్పదు. ఆనాడు మన ఇండ్లలో ఆ రెండును ఒకే మూటలోనుండెను. గోరా ఆ మూటనంతటిని దించివైచిరి. ఆయనను నిందించుటకు ముందు, ఆ మూటను అట్లు కట్టినవారెవరని విశ్వాసి తన్ను తాను ప్రశ్నించుకొనుట న్యాయము.

1928లో గోరా కాకినాడకు తిరిగివచ్చి, తాము చదివిన కళాశాలలోనే అధ్యాపకులైరి. ఆ కాలముననే యజ్ఞోపవీతమును విసర్జించిరి. కులము కట్టుబాట్లు కఠినముగనున్న దినములవి. వెలి తప్పలేదు, తండ్రి యింట చోటు లేకపోయెను. చిన్నబిడ్డతో సరస్వతి భర్తవెంట నడిచెను. రెండేండ్లకు, 1930లో, గోరా గాంధీజీకి ఒక లేఖ వ్రాసి, దేవుడను పదమునకు అర్థమేమని అడిగిరి. దైవము మానవుని ఊహకు అందనిదను భావముతో గాంధీజీ సంగ్రహముగ సమాధానమిచ్చిరి. ఊహకు అందనిదానిని ఆధారముగ చేసికొని మానవుడు ఎట్లు నడువవలెనో గోరాకు బోధపడలేదు. వారి పరిచయమున కిది బీజము. అది మొలకెత్తుటకు పదునాలుగు సంవత్సరములు పట్టెను.

తమ అభిప్రాయములను గోరా తరగతి గదిలోను, పత్రికలోను దాచలేదు. 1933లో కాకినాడ కళాశాలలోని ఉద్యోగము నాస్తికత కారణముగ పోయెను. మరుసటి సంవత్సరము మచిలీపట్టణము హిందూ కళాశాలలో చేరిరి. కొన్ని సంవత్సరములకు అచ్చటను అదే కారణము అడ్డువచ్చెను. సంతానము పెరుగుచుండెను, నెలజీతము నిలిచిపోయెను. తన మాటను కొంచెము మెత్తపరచుకొన్నచో, లేదా మౌనముగ నుండినచో, ఆయనకు సుఖజీవనము దొరకియుండెడిది. అట్లు చేయలేదు. నమ్మని దానిని నమ్మినట్లు నటించుట ఆయనకు అసత్యము. సత్యమునకై జీతమును వదలుకొన్నవానిని, అతడు ఏ పక్షమువాడైనను, మన సంప్రదాయము గౌరవించుచునే వచ్చినది.

కృష్ణాజిల్లాలోని ముదునూరు గ్రామస్థులు గోరాను ఆహ్వానించిరి. 1940 ఆగస్టు 10వ తేదీన అచ్చట నాస్తిక కేంద్రమును స్థాపించిరి. పేరు విని శాస్త్రవాదములు జరుగు మఠమువంటిదని ఊహింపరాదు. అచ్చట వయోజనులకు అక్షరములు నేర్పిరి. అస్పృశ్యతా నివారణకు పూనుకొనిరి. అన్ని కులములవారు ఒకే పంక్తిని కూర్చుండి భుజించు సహపంక్తి భోజనములను జరిపిరి. పంక్తిలో కూర్చుండుట నేడు స్వల్పవిషయముగ తోచును. ఆనాటి పల్లెలో అది బావి, గుడి, వివాహము మున్నగు సమస్త సంబంధములను పణముగ ఒడ్డుట.

గోరా దంపతులకు తొమ్మండుగురు సంతానము. వారి పేర్లలో దేవతానామము కానరాదు. ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టిన కుమారునకు లవణమనియు, రెండవ ప్రపంచసంగ్రామము ప్రారంభమైన 1939లో పుట్టిన కుమారునకు సమరమనియు, తొమ్మిదవ సంతానమునకు నౌ అనియు పేర్లు పెట్టిరి. పిల్లల పేర్లలో కులము, మతము కనబడకూడదనియు, తాము జీవించిన కాలము కనబడవలెననియు వారి సంకల్పము.

గోరా దృష్టిలో నాస్తికత కేవలము దైవనిరాకరణము కాదు. మానవుడు తన చేతలకు తానే బాధ్యుడను విశ్వాసమును ఆయన ఆ పేరుతో పిలిచిరి. తన స్థితికి దైవమో, కర్మమో, గ్రహములో కారణమని నమ్మువాడు లేచి నిలువడనియు, మాలమాదిగలు ఊరివెలుపల నుండుట దైవనిర్ణయమని ఇరుపక్షములవారును నమ్మినంతకాలము అస్పృశ్యత పోదనియు ఆయన వాదము. ఈ ఆరోపణ తర్కశాస్త్ర విషయము కాదు. ఇది విశ్వాసియొక్క నడవడిమీది ఆరోపణ. అందువలననే దీనికి శ్లోకములతో సమాధానము చెప్పుట అసాధ్యము.

అస్పృశ్యతా నివారణ గాంధీజీకి ప్రాణప్రదమైన కార్యము. 1941లో గోరా మరల లేఖ వ్రాసి, ఆ కార్యమును నాస్తికమార్గమున తాము చేయు విధమును వివరించుటకు సమయము కోరిరి. నాస్తికత ఆత్మనే నిరాకరించుట యనియు, దాని ప్రచారమున ఎవరును కృతార్థులు కాలేదనియు, గోరా సాధించిన ఫలితము వారి చిత్తశుద్ధితోడి సేవకు చెందునే కాని నాస్తికతకు చెందదనియు గాంధీజీ అభిప్రాయపడిరి. సంభాషణకు తీరిక లేదని తెలిపిరి. గోరా కోపగించుకొనలేదు. తమ గ్రామమున తమ పని చేయుచుండిరి. 1942లో జాతీయోద్యమమున భార్యాభర్తలిరువురును కారాగారమునకు పోయిరి. సరస్వతి చంటిబిడ్డతో రాయవేలూరు చెరసాలలో గడపెను.

ఇచ్చట గాంధీజీ స్వభావమును గూర్చి యొక విషయము చెప్పవలసియున్నది. 1934 జనవరి 15వ తేదీన బీహారులో ఘోరమైన భూకంపము సంభవించెను. అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యని గాంధీజీ ప్రకటించిరి. భౌతికమైన ఉత్పాతమునకు నైతికకారణమును అంటగట్టుట యుక్తివిరుద్ధమనియు, అది జనులలోని అవివేకమును బలపరచుననియు రవీంద్రనాథ ఠాకూరు తీవ్రముగ ఆక్షేపించిరి. గాంధీజీ ఆ ఆక్షేపణను తమ హరిజన పత్రికలోనే ప్రకటించి, ప్రక్కనే తమ సమాధానమును వ్రాసిరి. ఈ విషయమున రవీంద్రుని పక్షముననే యుక్తి కలదని భక్తులైనవారును అంగీకరింపవచ్చును. ఆ భూకంపమున మరణించిన వేలజనులలో అస్పృశ్యతవలన బాధపడినవారును ఉండిరి గదా. అయినను తమ్ము ఖండించినవాని మాటను తమ పత్రికలో అచ్చువేసిన ఆ నిర్భయత్వము విశ్వాసమునుండియే పుట్టినది. తన నమ్మకము సత్యమైనచో ప్రశ్నవలన దానికి భంగము లేదని నమ్మినవాడే అట్లు చేయగలడు.

అట్టి గాంధీజీకి 1944లో, గోరా పనిని ఎరిగిన ఆశ్రమవాసి యొకరు, ముదునూరు విషయములను విన్నవించిరి. సేవను గూర్చి విన్న పిదప వారు గోరాను సేవాగ్రామమునకు రమ్మనిరి. ఆ సంవత్సరము నవంబరు చివర గోరా అచ్చటికి చేరిరి. మొదటి సంభాషణలోనే గాంధీజీ నిరీశ్వరత్వమునకును నాస్తికతకును భేదమేమని ప్రశ్నించిరి. మొదటిది లేమిని మాత్రము తెలుపుననియు, రెండవది మానవుడు తనయందు తానుంచుకొను విశ్వాసమును తెలుపు భావరూపమైన స్థితి యనియు గోరా సమాధానమిచ్చిరి. అప్పటికి ఒక సంవత్సరము పూర్వము వంగదేశమును పట్టిన కరవును ఉదాహరణముగ తెచ్చిరి. 1943 నాటి ఆ కరవు, దానివెంట వచ్చిన వ్యాధులు దాదాపు 30 లక్షల ప్రాణములను బలిగొన్నవని అంచనా. కలకత్తా వీధులలో తినుబండారముల అంగళ్ళ యెదుటనే ఆకలితో జనులు చచ్చిరనియు, తమ గతి ఇంతే యను భావము లేకున్నచో వారు చేయి చాచి అన్నమును తీసికొనియుందురనియు ఆయన వాదించిరి.

ఈ వాదమును పరీక్షించి చూడవలెను. కరవునకు కారణములు పెక్కు. యుద్ధకాలమున బర్మానుండి బియ్యము రాక నిలిచిపోయెను, శత్రువున కందకూడదని తీరప్రాంతములలో పడవలను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను, ధాన్యము దాచబడెను, ధర పేదలకందనంత పైకి పోయెను. వారములతరబడి అన్నము లేనివాని చేయి తలచినంతమాత్రమున లేవదు. కనుక ఆ మరణములనన్నింటిని దైవవిశ్వాసముపై మోపుట న్యాయము కాదు. అయినను గోరా ప్రశ్నలో విశ్వాసి తప్పించుకొనరాని భాగమొకటి కలదు. అంగడిలోపల కూర్చున్నవాడును దేవుని పటమునకు ధూపము వేసియే అంగడి తెరచియుండును. ఆకలిగొన్నవాని ఓర్పును గూర్చి ప్రశ్నింపకపోయినను, ధూపము వేసినవాని హృదయమును గూర్చి ప్రశ్నింపక తీరదు. ఎదుట మరణించుచున్న మానవుని చూడనీయని భక్తి దేనిని చూచుచున్నట్లు?

గాంధీజీ ఈ మాటలను ఓర్పుతో వినిరి. ఖండనగ్రంథమువలె ప్రత్యుత్తరము చెప్పలేదు. ఆశ్రమమున నుండుమనిరి. గోరా అచ్చటి పనులన్నింటను పాలుగొనిరి. నమ్మని ప్రార్థనను నమ్మినట్లు మాత్రము నటింపలేదు. మహాత్ముడు ఆయనను ప్రార్థనతో కొలువక పనితో కొలిచెను. గోరాయు మహాత్ముని దైవభావముతో కొలువక ఆచరణముతో కొలిచెను. కొలబద్ద ఒకటే యగుటవలన సంభాషణ సాధ్యమయ్యెను. పిమ్మట జరిగిన సమావేశములలో గాంధీజీ ఒక గొప్ప విషయమును అంగీకరించిరి. గోరా మాటలలో ఒక ఆదర్శము కనబడుచున్నదనియు, తమ ఆస్తికత సరియైనదనిగాని గోరా నాస్తికత తప్పనిగాని తాము నిశ్చయించి చెప్పజాలమనియు, ఇరువురును సత్యాన్వేషకులే యనియు, తప్పు తెలిసిననాడు దిద్దుకొనుటయే మార్గమనియు దాని సారాంశము. 1941లో నాస్తికతను ఆత్మనిరాకరణమన్న మహాత్ముడే ఇట్లనుట గమనింపదగినది. ఆ నడుమ ఆయన క్రొత్త తర్కమును చదువలేదు. ఒక మానవుని దగ్గరనుండి చూచెను.

ఈ మార్పునకు గాంధీజీ జీవితములో పూర్వరంగము లేకపోలేదు. దేవుడే సత్యమని మొదట చెప్పుచుండిన ఆయన, క్రమముగ సత్యమే దేవుడను నిర్ణయమునకు వచ్చి, 1931 డిసెంబరులో స్విట్జర్లాండునందలి లోజాను నగరమున దానిని వివరించిరి. దేవుని కాదనువారు కలరు కాని సత్యమును కాదనువారు లేరు. కావున సత్యమను పదముక్రింద నాస్తికుడును నిలువగలడు. ఈ సిద్ధాంతము పరీక్షకు వచ్చిన ఘట్టము గోరా ఇంటి వివాహము.

గోరా తమ పెద్దకుమార్తె మనోరమను హరిజన యువకుడగు అర్జునరావునకిచ్చి వివాహము చేయ నిశ్చయించిరి. వధూవరులలో ఒకరు హరిజనులైననే తప్ప వివాహములకు తాము రానని నియమము పెట్టుకొన్న గాంధీజీకి ఇది ప్రియమైన వార్త. వివాహము సేవాగ్రామములో తమ సమక్షమున జరుగవలెననిరి. తొందరపడక, ఆ యువకుడు ఆశ్రమములో శిక్షణ పొందవలెననిరి. దైవనామము నుచ్చరించుట వధువు తండ్రికి సమ్మతము కాదు. గాంధీజీ ఆశ్రమవివాహవిధి మంత్రపూర్వకమైనది. పెండ్లి అచ్చటనే ఆగిపోవలసినది. కాని దేవుడను మాట వచ్చుచోట సత్యమను మాటను చేర్చుటకు గాంధీజీ అంగీకరించిరి. ఏ పక్షమువారును తమ మనస్సాక్షిని వంచుకొననక్కరలేకపోయెను. వివాహము 1948లో జరుగుటకు నిశ్చయమయ్యెను. ఆ సంవత్సరము జనవరి 30వ తేదీన గాంధీజీ హత్యకు గురియైరి. మార్చి నెలలో వివాహము వారు కోరిన సేవాగ్రామములోనే, వారు అంగీకరించిన రీతిగనే జరిగెను. ఆ సంభాషణల వృత్తాంతమును గోరా ఆంగ్లమున గ్రంథముగ వ్రాయగా, 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన సంస్థయే దానిని ప్రకటించెను. పీఠికను వ్రాసినవారు గాంధీజీకి సన్నిహితులును ఆస్తికులునైన కిశోరలాల్ మశ్రువాలా.

మన ప్రాచీనులు ఈ సహనమునకు దారి తీసియుండిరి. మనుస్మృతిలో నాస్తికుడనగా వేదమును నిందించువాడు. ఈశ్వరుని నిరాకరించువాడని యర్థము కాదు. సాంఖ్యులు సృష్టికర్తయగు ఈశ్వరుని అవసరము లేకయే జగత్తును వివరించిరి. వేదప్రామాణ్యమునకై జీవితమునర్పించిన కుమారిలభట్టు సృష్టికర్త నంగీకరింపలేదు. అయినను ఈ రెండు దర్శనములును ఆస్తికదర్శనములుగనే పరిగణింపబడినవి. రామాయణమున జాబాలి నాస్తికవాదమును రాముని యెదుటనే వినిపించెను. ఈశ్వరుని సిద్ధింపజేయుటకై న్యాయకుసుమాంజలిని రచించిన ఉదయనాచార్యుడు, గ్రంథాంతమున ఆ ఈశ్వరునే వేడుకొని, విరోధభావముతోనైనను నిన్నే చింతించిన నాస్తికులను సైతము తరింపజేయుమని ప్రార్థించెను. తర్కమున ప్రతిపక్షిని ఓడించిన పిదప ప్రార్థనలో అతనిని కౌగిలించుకొనుట విశ్వాసమునకు శోభ.

తనయందు తనకు విశ్వాసము లేనివాడే నాస్తికుడని వివేకానందస్వామి క్రొత్త నిర్వచనము చేసిరి. గోరా నాస్తికతయనుచు బోధించినది ఆ ఆత్మవిశ్వాసమునే. గాంధీజీ 1941లో భయపడినది ఆ ఆత్మవిశ్వాసము నశించునేమో యనియే. మువ్వురును వాడిన మాటలు వేరు. మువ్వురును ద్వేషించినది దైన్యమును, నిష్క్రియత్వమును. ఇంతమాత్రమున ముగ్గురి సిద్ధాంతము నొకటే యనుట సత్యము కాదు. ఆత్మ యనగా వేదాంతికి దేహమనస్సులకు అతీతమైన వస్తువు. గోరాకు అది స్వతంత్రేచ్ఛ గల మానవుడు. ఈ భేదము అల్పమైనది కాదు. దానిని స్నేహముకొరకు కప్పిపుచ్చుట గోరాకును, గాంధీజీకిని సమ్మతము కాదు. భేదమును స్పష్టముగ నెరిగియు కలిసి పనిచేయుట వారి విశేషము.

నాస్తిక కేంద్రము 1947లోనే ముదునూరునుండి విజయవాడ పటమటకు మారియుండెను. 1949లో సంఘం పత్రికను గోరా ప్రారంభించిరి. రాజకీయపక్షములు ప్రజలను చీల్చుచున్నవని తలచి, పక్షరహిత ప్రజాస్వామ్యమును ప్రచారము చేసిరి. ఎన్నికలలో నిలిచి ఓడిరి. పాలకులు నిరాడంబరముగ జీవింపవలెనని కోరుచు 1961-62లో సేవాగ్రామమునుండి ఢిల్లీ వరకు 1,100 మైళ్ళు 99 దినములలో కాలినడకను పోయిరి. 1969లో ఆంగ్లమాసపత్రికను స్థాపించిరి. 1972 డిసెంబరులో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభను జరిపిరి.

ఆయన చేసినదంతయు అందరకును ప్రియము కాలేదు. 1972లో గోమాంస, వరాహమాంస భోజనసభను ఏర్పాటుచేసి, హిందువులును ముస్లిములును నిషేధములను దాటి స్నేహితులు కావలెననిరి. ఉద్దేశము మైత్రియైనను, అనేకుల హృదయములకు అది గాయముగ తోచెను. పవిత్రమని యొకడు భావించుదానిని త్రోయుటకు యుక్తికి అధికారము కలదా యను ప్రశ్న అచ్చట మిగిలెను. సేవాగ్రామములో ఒక్క పదమును మార్చి ఇరుపక్షముల మనస్సాక్షిని కాపాడిన నేర్పు ఈ సభలో కానరాదు. విశ్వాసమునకు మూఢత్వము ప్రమాదమైనట్లే, యుక్తికి పరుషత్వము ప్రమాదము.

1975 జూలై 26వ తేదీన విజయవాడలో ఒక సభయందు ప్రసంగించుచునే గోరా కన్నుమూసిరి. సరస్వతి గోరా 2006 వరకు జీవించి ఆ కార్యమును నడిపించెను. భారతప్రభుత్వము 2002లో గోరా స్మారకముగ తపాలాబిళ్ళను విడుదల చేసెను. కుమారుడగు లవణం, గీతాప్రవచనములు చేసిన వినోబాభావేగారి భూదానయాత్రలో ఆయన ప్రసంగములను తెనిగించెను. నాస్తికుని నోట భక్తుని మాటలు తెలుగుపల్లెలలో వినబడెను. లవణం 1960లో మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె హేమలతను వివాహమాడెను. నేరస్థులని ముద్రపడిన స్టూవర్టుపురము వాసుల పునరావాసమునకును, జోగినీ వ్యవస్థ నిర్మూలనమునకును ఆ దంపతులు దీర్ఘకాలము పాటుపడిరి.

గోరా దైవమును కనుగొనలేదు, కనుగొంటినని చెప్పనులేదు. ఆయన జీవితమును ఆస్తికతకు పరోక్షసాక్ష్యముగ మలచుకొనుట ఆయనయెడ అపచారము. అట్లే గాంధీజీ సహనమును నాస్తికతకు లభించిన విజయపత్రముగ చూపుట గాంధీజీయెడ అపచారము. వారిరువురును తమ ప్రశ్నను తీర్పునకు గ్రంథములయొద్దకు కొనిపోలేదు. అస్పృశ్యుని గుడిసెయొద్దకు, ఆకలిగొన్నవాని యొద్దకు, ఒక పెండ్లిపందిరియొద్దకు కొనిపోయిరి. ఇంట కుమారుడు ప్రమాణమడిగినప్పుడు తండ్రి కోపింపనక్కరలేదు. తన పూజవలన తన పొరుగువానికి, తన పనివానికి, తన ఇంటి స్త్రీలకు ఏమి మేలు కలుగుచున్నదో చూపగలిగినచో అదియే ప్రమాణము. తన యుక్తివలన అదే మేలు తాను చేయుచున్నానా యని కుమారుడును తన్ను పరీక్షించుకొనవలెను. ఆ పరీక్షయందు తండ్రికొడుకులు ఒకే పంక్తిని కూర్చుందురు.